చేతులు ఊపితే జీతమిస్తారా?

గత క్రిస్మస్ ఆరాధన ముగిసిన తరువాత ఒక రైతు సహోదరుడు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మావాడు డిగ్రీ మానేసి సంగీతం నేర్చుకుంటానంటున్నాడు. కర్ర పట్టుకొని వాయించేవాళ్ల ముందు నిలబడతాడట. చేతులు ఊపితే ఎవరైనా జీతమిస్తారా?" అని అడిగాడు. ఆ కుర్రవాడు అనకాపల్లిలో మా సంఘ గాయక బృందాన్ని నడిపిస్తున్నాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత తెలిసికొని ఆ తండ్రితో చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాము. ఇలాంటి పిల్లలు మీ ఇండ్లలోను ఉండవచ్చును.

పెద్ద వాద్యబృందంలో ఎనభై, తొంభై మంది ఉంటారు. ఒక్క స్వరమైనా వాయించనివాడు కండక్టరు ఒక్కడే. (బస్సు కండక్టరు కాదు సుమా!) అయినా ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎంత మెల్లగా, ఎంత గట్టిగా వాయించాలో అతడే చూపాలి. అన్ని వాయిద్యాల స్వరలిపి ఒకదాని క్రింద ఒకటి వ్రాసియున్న పుస్తకాన్ని చూస్తూ, ఆ ధ్వని అంతా ముందే మనస్సులో వినగలగాలి. మన బెల్లం గానుగ దగ్గర పాకం చూసి 'దించండి' అనే పెద్దాయన ఒకనాడు చెరకు మోసినవాడే, పొయ్యి మండించినవాడే. ఇదీ అంతే.

జుబిన్ మెహతా 1936లో బొంబాయిలో పుట్టాడు. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయి సింఫనీ స్థాపకుడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు కూడా మొదట డాక్టరు చదువు దారిలోనే నడిచాడు! అది మధ్యలో విడిచి, 1954లో పద్దెనిమిదేండ్ల వయస్సున వియన్నా వెళ్లి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చేరాడు. అక్కడ మనిషికంటె ఎత్తైన డబుల్ బాస్ అనే తీగల వాయిద్యం వాయించాడు. మాకు బాగా నచ్చిన సంగతి ఒకటున్నది. పేరుపొందిన కండక్టర్లు సాధన చేయించే తీరు దగ్గరనుండి చూడాలని అతడూ, స్నేహితుడు క్లాడియో అబ్బాడో గాయక బృందంలో చేరారు. పాడుతూనే వారి చేతులు గమనించి నేర్చుకున్నారు. 1958లో లివర్‌పూల్ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. తరువాత మాంట్రియల్, లాస్ ఏంజిలిస్, 1978 నుండి 1991 వరకు న్యూయార్క్.

మన తెలుగువారిలో ఈమని శంకరశాస్త్రిగారున్నారు. 1922లో ద్రాక్షారామంలో పుట్టి, తండ్రి దగ్గర వీణ నేర్చి, మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేసి, ఆ తరువాతనే ఢిల్లీ ఆకాశవాణి జాతీయ వాద్యబృందాన్ని నడిపించారు. ఎవరెస్టు ఎక్కడాన్ని వర్ణిస్తూ 'ఆదర్శ శిఖరారోహణం' అనే రచన చేశారు.

జీతం మాట దాచలేదు. బృందానికి కండక్టరు ఒక్కడే గనుక ఖాళీలు బహు కొద్ది. మన దేశంలో ముంబయిలోని సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లోనే పుట్టింది. చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ 2008లో సంగీత కళాశాల పెట్టారు. వాయించడం వచ్చినవాడికి పాఠాలు చెప్పుకొని, రికార్డింగులకు వెళ్లి బ్రతికే దారి ఉన్నది. వాయిద్యం రానివాడికి అదీ లేదు.

కుర్రవాడితో మేము చెప్పినది వేరు. డిగ్రీ మానవద్దు, ముందు వయొలిన్ నేర్చుకో, స్వరలిపి చదవడం నేర్చుకో, ట్రినిటీ కాలేజీ గ్రేడు పరీక్షలకు కూర్చో అన్నాము. అతని ముఖం చిన్నబోయింది. కర్ర గురించి చెబుతామనుకున్నాడు పాపం.

తండ్రి ఇంకా సరే అనలేదు. వయొలిన్ ధర మాత్రం అడిగాడు. ఈ ఏటి బెల్లం అమ్మిన తరువాత మాట్లాడదామన్నాడు.