మోటారుసైకిలు – వేగరహస్యము



మన పట్టణములలో కొందఱు యువకులు మోటారుసైకిలు కొన్న మఱునాడే దాని సైలెన్సరును ఊడదీసి, వీథి యదరునట్లు నడుపుచుందురు. బండి యెంత బిగ్గరగా అఱచిన నంత వేగముగా పోవుచున్నదని వారి భావము. ఉఱిమిన మేఘములన్నియు కురియవు గదా! ధ్వని వేఱు, వేగము వేఱు. అట్లయిన వేగమునకు మూలమేది? ఈ ప్రశ్నకు యథాశక్తి సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగము.

శాస్త్రవిషయమునకు మంచి దృష్టాంతము ప్రాణము. న్యూజీలండు దేశమున ఇన్వర్‌కార్గిల్ పట్టణవాసి యగు బర్ట్ మన్రో, 1920వ సంవత్సరమున ఇండియన్ స్కౌట్ అను మోటారుసైకిలును కొనెను. పేరు ఇండియన్ అయినను అది మన దేశమున పుట్టినది కాదు, అమెరికాలో తయారైనది. దాని ఇంజను పరిమాణము 600 ఘన సెంటీమీటర్లు. వేగము గంటకు 55 మైళ్లు. ఆ బండినే ఆయన నలువదేండ్లకు పైగా తన షెడ్డులో సవరించి సవరించి, 1967లో, తన 68వ యేట, అమెరికాలోని యూటా రాష్ట్రమున బాన్‌విల్ ఉప్పుమైదానముపై 184 మైళ్ల వేగమున నడిపెను. ఆనాడు 183.586 అని ప్రకటించిరి. లెక్కలో దొరలిన పొరపాటును దిద్ది 2014లో 184.087 అని స్థిరపఱచిరి.

ఇది యెట్లు సాధ్యమయ్యెను? మొదట ఇంజనును విచారింతము. ఇంజను శ్వాసించు ప్రాణివంటిది. పెట్రోలు కలిసిన గాలిని పీల్చి, సిలిండరులో అదిమి, మండించి, ఆ పొంగుచేత పిస్టనును త్రోసి, పొగను వెలికి విడుచును. కావున శక్తిని పెంచు మార్గములు ముఖ్యముగా మూడు: ఎక్కువ గాలిని నింపుట, మండుటకు ముందు దానిని గట్టిగా అదుముట, నిమిషమునకు ఎక్కువ పర్యాయములు మండించుట. మన్రో సిలిండరులను పెంచి ఇంజనును 950 ఘన సెంటీమీటర్లదిగా చేసెను. గాలి వచ్చిపోవు వాల్వులను ప్రక్కనుండి సిలిండరు పైభాగమునకు మార్చెను. పిస్టనులను తానే పోతపోసికొనెను.

అయితే శక్తి యూరక రాదు. పిస్టను నిమిషమునకు వేల పర్యాయములు పైకిపోయి, ఆగి, క్రిందికి మరలును. త్రిప్పుడు రెట్టింపైన, దానిని ఆపి మరలించు కడ్డీపై పడు బలము నాలుగు రెట్లగును. అందుచే ఎన్నియో భాగములు పగిలినవి, విఱిగినవి. వానిని మన్రో పాఱవేయక, షెడ్డులో బల్లలపై వరుసగా అమర్చి, అవి వేగదేవతకు నివేదనములని వ్రాసిపెట్టెను. మన పూజలలో పుష్పములు, ఆయన పూజలో పగిలిన పిస్టనులు!

ఇక రెండవది, నిజమునకు మొదటిదానికంటె బలీయమైనది, గాలి. వేగము రెట్టింపైన గాలి యడ్డు నాలుగు రెట్లగును. ఆ యడ్డును త్రోయుటకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. 55 నుండి 184కు పోవుట మూడు రెట్లకు మించినది. లెక్క కట్టి చూడుడు: బండి యాకారము మార్చనిచో, గాలిని జయించుటకే సుమారు 37 రెట్ల శక్తి కావలెను. పాత ఇంజనునుండి అంతటి శక్తిని పిండుట కల్ల. కావున మన్రో బండికిని తనకును కలిపి, చేపను పోలిన కవచమును తొడిగెను. ముందు గుండ్రన, వెనుక సన్నన. తోక సన్నగా లేనిచో వెనుక గాలి సుడులు తిరిగి బండిని వెనుకకు లాగును.

1948 సెప్టెంబరు 13న అదే మైదానముపై రోలీ ఫ్రీ అను నాతడు విన్సెంట్ మోటారుసైకిలును నడుపుచు, 150 మైళ్లకు కొంచెము తక్కువ వేగమున నిలిచిపోయెను. తోలుదుస్తులు గాలికి రెపరెపలాడి చినుగుచుండెను. ఆతడు వానిని విడిచి, ఈతదుస్తులతో బండిపై బోరగిల పరుండి నడుపగా వేగము 150.313 మైళ్లయ్యెను. ఇంజను అదే, తగ్గినది గాలి యడ్డు మాత్రమే. ఇది సాహసమే కాని అనుకరణీయము కాదు.

తిన్ననిదారి పందెములలోను రెండు విధములున్నవి. పావుమైలు పందెమున నిలిచినచోటినుండి దూకవలెను గనుక బరువు శత్రువు. ముందుచక్రము లేవకుండుటకు బండిని పొడవుగాను, పొట్టిగాను కట్టుదురు. ఉప్పుమైదానమున పరుగు తీయుటకు మైళ్లకొలది చోటుండును గనుక బరువువలన అంత నష్టము లేదు. అచ్చట గాలియే శత్రువు. పళ్లచక్రముల నిష్పత్తియు ముఖ్యమే. ఇంజను పూర్తిశక్తి నిచ్చు త్రిప్పుడు బండి పరమవేగమునకు సరిపోవలెను. తప్పినచో శక్తి యున్నను ఫలము లేదు.

వేగముతోపాటు స్థిరత్వమును కావలెను. బాణమునకు ఈకలు వెనుక నేల కట్టుదురు? గాలి త్రోపు బరువు కేంద్రమునకు వెనుక పడినచో గురి తప్పదు. ముందు పడినచో బండి అడ్డముగా తిరుగును. అట్టి వేగమున అది ప్రాణాంతకము. ఇక కొలత: వెనుకగాలి సాయమును లెక్కనుండి తొలగించుటకై, రెండు దిక్కుల పరుగిడి సగటు తీయుదురు.

2010లో బాన్‌విల్‌లోనే రాకీ రాబిన్సన్, రెండు ఇంజనులు గల కవచపు బండిపై 376.363 మైళ్ల వేగమును అందుకొనెను. అచ్చటను సూత్రము లివియే.

కావున యువకులారా, వేగమనగా శబ్దము కాదు. అడ్డులను ఒక్కొక్కటిగా తెలిసికొని తొలగించు ఓర్పు. ఉప్పుమైదానమున ఎదురుగా పశువు రాదు, బడిపిల్లవాడు రాడు. మన వీథిలో ఇరువురును వత్తురు. వేగమును తగినచోట కొలుచుకొనుడు. వీథిలో నిదానమే విద్య.