కళ్లంలో కుప్ప – పిల్లలకు శంకువు పాఠం

"తాతా, ఈ కుప్పల ఎన్ని బస్తాలైతయి?"

వరికోతల కాలంలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఏ కళ్లంలోనైనా పిల్లలు అడిగే ప్రశ్న ఇది. తాత కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి చెప్తాడు. చాలాసార్లు సరిగ్గానే చెప్తాడు గాని, ఎలా చెప్పాడో వివరించలేడు. కాటా పెట్టకముందే కంటి అంచనాతో బేరం కుదిరే చోట ఈ లెక్క ఇంట్లో ఒక్కరికైనా రావాలి. తలిదండ్రులారా, దీనిని మీ పిల్లలకు కళ్లంలోనే నేర్పవచ్చును.

రూతు, బోయజుల కథలో మన పిల్లలు విన్న ధాన్యపు కుప్ప లాంటిదే ఇదీ. గింజలను పైనుండి ఒకేచోట పోస్తే అడుగు గుండ్రంగా పరచుకొని, కొన పైకి లేస్తుంది. లెక్కల పుస్తకంలో దాని పేరు శంకువు. బొంగరం, గరాటు ఆ జాతివే. ఇటుకకు 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు ఉంటాయి. శంకువుకు చదునైన ముఖం ఒకటి, వంపు ముఖం ఒకటి, గుండ్రని అంచు ఒకటి, కొన ఒకటి, అంతే. నేలమీద దొర్లిస్తే డబ్బా తిన్నగా పోతుంది, శంకువు తన కొన చుట్టూ తిరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నిలువు గోడలున్న ఒక డబ్బా తీసుకోండి. మందపాటి కాగితాన్ని గరాటులా చుట్టి, కొన డబ్బా అడుగును, వంపు డబ్బా అంచును తాకేటట్లు అమర్చి అతికించండి. అంచుకు పైనున్న కాగితాన్ని కత్తిరించండి. ఆ గరాటుతో జొన్నలు కొలిచి డబ్బాలో పొయ్యమనండి. సరిగ్గా మూడుసార్లకు డబ్బా నిండుతుంది. ఒకే అడుగు, ఒకే ఎత్తు ఉన్నప్పుడు శంకువు డబ్బాలో మూడోవంతు. ఈ మాట పుస్తకంలో చదివినవారు మరచిపోవచ్చును గాని, జొన్నలు పోసి చూసినవారు మరువరు.

భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో ధాన్యపు కుప్పలకే ఒక లెక్క ఉంది. కుప్ప చుట్టుకొలతను 6తో భాగించి, వచ్చినదానిని దానితోనే గుణించి, ఎత్తుతో గుణించాలి. ముతక గింజల కుప్ప ఎత్తు చుట్టుకొలతలో పదోవంతనీ, సన్నగింజలకు పదకొండోవంతనీ, ముల్లున్న ధాన్యానికి తొమ్మిదోవంతనీ ఆయన చెప్పాడు. గింజ గరుకైన కొద్దీ కుప్ప నిటారుగా నిలుస్తుంది.

చుట్టూ తాడు వేస్తే 10 మీటర్లు, ఎత్తు 1 మీటరు అనుకొందాం. ఈ లెక్కన 2.78 ఘనమీటర్లు వస్తుంది. వృత్తం చుట్టుకొలత వ్యాసానికి 3 రెట్లనుకోవడం వల్ల ఇది నూటికి ఐదు పాళ్లు ఎక్కువ, అసలు 2.65. ఎండిన వడ్లు ఘనమీటరుకు 550 నుండి 600 కిలోలు తూగుతాయి గనుక సుమారు 15 క్వింటాళ్లు, అంటే 40 కిలోల బస్తాలు ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో. వనపర్తి, గద్వాల వైపు పల్లికాయ కుప్పయితే ఇంతే పరిమాణానికి బరువు సుమారు సగమే. పొట్టులోపల గాలే ఎక్కువ కదా!

పిల్లలు ఒకచోట తప్పక తప్పుతారు. కుప్ప వాలు వెంట టేపు పెట్టి అదే ఎత్తనుకొంటారు. పై కుప్పకు ఆ వాలు దాదాపు 1.9 మీటర్లు, ధాన్యం రెట్టింపు దగ్గరకు పోతుంది! పక్కన ఒక కర్ర నిలువుగా నాటి, కొన నుండి మరో కర్రను అడ్డంగా పట్టుకొని, అది తాకినచోటికి నేలనుండి కొలవాలి.

గోడకు ఆనించి పోసిన కుప్ప సగం శంకువు. కొలిచిన వంపును రెట్టింపు చేసి లెక్కకట్టి, జవాబులో సగం తీసుకోవాలి. గది మూలలో పోస్తే నాలుగు రెట్లు చేసి, జవాబులో పావు. ఇదీ లీలావతిలో ఉన్నదే. కొనుగోలు కేంద్రాల్లో పోసే పొడవాటి రాశులకైతే, రెండు చివరలూ కలిపి ఒక శంకువు. నడిమి భాగానికి వెడల్పును ఎత్తుతో గుణించి, సగం చేసి, పొడవుతో గుణిస్తే సరి.