ర్యాంకిన్ స్కేల్

పక్షవాతం వచ్చిన మనిషి ఎంతవరకు కోలుకున్నాడో చెప్పే కొలమానం ర్యాంకిన్ స్కేల్. గ్లాస్గో వైద్యుడు జాన్ ర్యాంకిన్ 1957లో దీన్ని ప్రతిపాదించాడు. నేడు వాడుకలో ఉన్నది దాని సవరించిన రూపం. ఏ లక్షణమూ మిగలకపోతే 0, మంచానికే పరిమితమైతే 5, మరణానికి 6. పక్షవాతానికి కొత్త చికిత్స ఫలించిందన్న వార్తల వెనుక చాలాసార్లు ఈ అంకెలే ఉంటాయి. 2 లేదా అంతకంటే తక్కువ వస్తే రోగి తన పనులు తాను చేసుకోగలడని లెక్క.

అయితే సొంతంగా నడవగలగడం వేరు, తృప్తిగా బతకడం వేరు. '2' వచ్చినవారిలోనూ తీరని నీరసం, మతిమరుపు, మాట తడబాటు ఉండవచ్చు. పాత ఉద్యోగానికి వెళ్లలేకపోవచ్చు. పక్షవాతం తర్వాత దాదాపు ముగ్గురిలో ఒకరిని కుంగుబాటు వేధిస్తుంది. దాంతో వ్యాయామంపై ఆసక్తి పోయి, కోలుకోవడమూ మందగిస్తుంది. ఇంత బాధ ఒక్క అంకెలో ఇమడదు. అందుకే 1999లో అమెరికా పరిశోధకులు స్ట్రోక్ ఇంపాక్ట్ స్కేల్‌ను రూపొందించారు. చేతి పట్టు, జ్ఞాపకశక్తి, మాట, మనసు, నలుగురిలో కలవడం గురించి అది రోగినే అడుగుతుంది. పరీక్షకు వచ్చినప్పుడు బీపీతోపాటు ఈ సంగతులూ వైద్యుడు అడగాలి. అడగకపోతే ఇంటివారే చెప్పాలి.