ఓషధీవనమున మొక్కల మార్పు

ధర్మపురి నరసింహునకు తులసియు, వేములవాడ రాజన్నకు మారేడును నిత్యము కావలెను. ఆలయవనమున ఈ రెంటిని ప్రక్కప్రక్కన నాటినచో, కొన్నేండ్లకు మారేడు నీడ కమ్మి తులసి సన్నగిల్లును. మహావృక్షమును కదలింపలేము, తులసియే ఎండకు జరుగవలెను. కొయ్యబారిన తులసిని పెకలించుటకంటె, దాని వెన్నులలోని విత్తులతో నారు పోసి క్రొత్తచోట నాటుట మేలు. నారు నిలదొక్కుకొనువరకు పాతమొక్కను ఉండనిచ్చినచో అర్చనకు లోటు రాదు. వస సంగతి వేరు. అది బురదను కోరును, ఆ తడిలో తులసి వేరు కుళ్ళును. కావున వసదుంపలను బావికాలువ వెంటకు మార్చవలెను. అడ్డసరమును మేకలు ముట్టవు, అది కంచెకు తగును. మన కరీంనగర్, ఆదిలాబాదు సీమలలో ఈ మార్పులను రోహిణీకార్తె యెండలో తలపెట్టరాదు. జూన్ 8 ప్రాంతమున మృగశిర ప్రవేశించి, తొలివాన నేలలో ఇంకిన పిదప, సాయంవేళ నాటవలెను.