వీడియోని ఆడియో చేసే ముందు ఒకసారి కళ్ళు మూసుకుని వినండి

పైన వీడియోలో జీవామృతం తయారీ మొత్తం చూపించాం. ఇదే వీడియోని ఆడియోగా మార్చి కీప్యాడ్ ఫోన్లలోకి ఎలా పంపాలో ఇప్పుడు చెప్తాను.

మన కృష్ణా డెల్టాలో చాలా ఇళ్ళల్లో స్మార్ట్ ఫోన్ ఉంది, కానీ అది పిల్లల చేతిలో ఉంటుంది. కలుపు తీసే అక్కల దగ్గర, మడికి నీళ్ళు పెట్టే పెద్దాయన దగ్గర ఉండేది మెమరీ కార్డు వేసిన చిన్న ఫోనే. చేతులకి బురద ఉన్నప్పుడు చూడటం కుదరదు, వినటం కుదురుతుంది.

అయితే వీడియోలోంచి శబ్దం ఒక్కటే లాగేస్తే పని అవ్వదండి. మన రైతు వీడియోలో "ఇదిగో ఇంత బెల్లం, అంత పిండి, ఇలా తిప్పాలి" అంటాడు. చూసేవాళ్ళకి అర్థమవుతుంది. వినేవాళ్ళకి ఎంత బెల్లం? అందుకే మార్చే ముందు కొలతలు విడిగా చదివి రికార్డు చేసి మధ్యలో కలపాలి: 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇది ఎకరానికి.

ఇంకో చిక్కు ఉంది. ఫోన్ కాల్‌లో సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే శబ్దం పోతుంది. దానికి తోడు మాట మొదట్లో ఒక అక్షరం తెగిందంటే ఇరవై, అరవై రెండూ "రవై" అనే వినపడతాయి. కషాయం 20 లీటర్లు చెప్తే 60 అనుకుని పోస్తే పైరు సంగతి చెప్పక్కర్లేదు. అందుకని "ఇరవై, అంటే రెండు పదులు" అని రెండు రకాలుగా చెప్పండి.

డిజిటల్ గ్రీన్ సంస్థ పద్ధతిలో ఊరి రైతులతోనే వీడియో తీసి, చిన్న ప్రొజెక్టర్‌తో గుంపుకి చూపిస్తారు. చూపించే మనిషి మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతాడు. ఆడియోకి ఆ మనిషి ఉండడు. ఆ లోటు తీర్చటం రేడియో వాళ్ళకి బాగా తెలుసు. విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి ఉంది. బొమ్మ లేకుండా సేద్యం చెప్పటం ఎలాగో ఆ వ్యవసాయ కార్యక్రమాలు విని నేర్చుకోవచ్చు.

ఇక ఫార్మాట్లు. ఫైల్ పేరు చివర ఎంపీ4 తీసేసి ఎంపీ3 అని రాస్తే ఫైల్ మారదు, ఇది చాలామంది చేస్తున్నారు. కంప్యూటర్లో వీఎల్‌సీ ఉచితం. మీడియా మెనూలో కన్వర్ట్ నొక్కి, ఎంపీ3 ప్రొఫైల్ ఎంచుకుని, పక్కనున్న స్పానర్ గుర్తులో బిట్‌రేట్ 64, ఛానెల్స్ 1 పెట్టండి. మాటలకి స్టీరియో దండగ. 40 నిమిషాలది సుమారు 19 ఎంబీ వస్తుంది.

కార్డులో జాగా బొత్తిగా లేకపోతే ఏఎంఆర్ ఉంది. ఫోన్ మాటల కోసమే తయారు చేసిన ఫార్మాట్ అది. ఎక్కువ నాణ్యతలో పెట్టినా సెకనుకి 12.2 కిలోబిట్లే, అదే 40 నిమిషాలు 4 ఎంబీ లోపు. కానీ వెనక ఫ్లూటు సంగీతం పెట్టారంటే నీళ్ళల్లో పుక్కిలించినట్టు వినపడుతుంది. సంగీతం తీసేయండి, మోటారు పక్కన రికార్డు చెయ్యకండి. ఫోన్ చేస్తే వినిపించే ఐవీఆర్‌ఎస్‌కి ఇవ్వాలంటే మాత్రం సాధారణంగా 8,000 హెర్ట్జ్ మోనో వేవ్ ఫైల్ అడుగుతారు.

ఒక్కో పనికి ఒక్కో ముక్క, ఐదు నిమిషాలు దాటకుండా. చిన్న ఫోన్లలో తెలుగు పేర్లు డబ్బాలుగా కనపడొచ్చు కాబట్టి ఫైల్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు 01, 02 అని పెట్టండి. తర్వాత వీడియో చూడని మనిషి ఒకరికి ఆ ఫోన్ స్పీకర్‌లోనే వినిపించి, బెల్లం ఎంత, నీళ్ళు ఎంత అని అడగండి. చెప్పలేకపోతే ఆ ముక్క మళ్ళీ రికార్డు చెయ్యాల్సిందే.