రామప్ప గుడి – నీటిపై తేలు ఇటుకలు

తెలంగాణలో ములుగు జిల్లా పాలంపేటయందు రామలింగేశ్వరాలయమున్నది. జనులు దానిని రామప్ప గుడి అందురు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని క్రీ. శ. 1213లో కట్టించినట్లు అక్కడి శాసనము తెలుపుచున్నది. చూడబోయినవారి కన్నులు మొదట మదనికల మీదనే నిలుచును. అది సహజమే. నల్లని గట్టి రాతిలో మలచిన ఆ బొమ్మల నునుపు 800 ఏండ్లు గడచినను చెడలేదు. అయితే విజ్ఞానశాస్త్ర విద్యార్థి తల యెత్తి శిఖరమును గూడ చూడవలెను. దానిని ఇటుకతో కట్టిరి.

ఆ ఇటుక నీటిపై తేలును! ఇందులో మాయ ఏమియు లేదు. నీటికంటె తక్కువ సాంద్రత గల వస్తువు నీటిపై తేలునని ఆర్కిమిడీస్ సూత్రమువలన తెలియును గదా. నీటి సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1 గ్రాము. మామూలు ఇటుకకు సుమారు 1.8 గ్రాములు, ఈ ఇటుకకు 1 కంటె తక్కువ. దీని లోపలంతయు సన్నని రంధ్రములు, వానిలో గాలి. బంకమట్టిలో ఊక, రంపపుపొట్టు వంటివి కలిపి కాల్చినచో అవి కాలిపోయి, అవి ఉన్నచోట రంధ్రములు మిగులును. పాఠశాలలో ఊక కలిపిన మట్టిముద్దను, కలపని ముద్దను ఒకే కొలతతో చేసి, కుమ్మరి ఆవములో కాల్పించి తూచినచో భేదము తెలియును. మొదటి ప్రయత్నముననే అది తేలునని మాత్రము ఆశపడరాదు.

ఇంత శ్రమ ఎందుకు? దీనికి సమాధానము కొంత నేలక్రింద ఉన్నది. పునాదికై గొయ్యి త్రవ్వి, ఇసుకతో నింపి, దానిపై నక్షత్రాకారపు ఎత్తైన అరుగు కట్టిరి. గొయ్యి అంచులు కదలనంతవరకు ఇసుక రేణువులు ఒకదానినొకటి ఒత్తుకొని బరువును పంచుకొనును. రేగడి మన్నువలె వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారదు. అయినను పైబరువు ఎంత తగ్గిన అంత మేలు. మామూలు ఇటుక ఒక ఘనపు మీటరు 1,800 కిలోగ్రాములు తూగును. తేలు ఇటుక 1,000 కూడ తూగదు. కనుక శిఖరము గోడలపై మోపు భారము దాదాపు సగమైనది.

ఇసుక పునాదికి ఒక లోపము కలదు. ప్రక్కన లోతుగా త్రవ్వినను, నీటి ఒరవడికి రేణువులు కొట్టుకొనిపోయినను, ప్రేలుళ్ల అదురు తగిలినను ఇసుక సర్దుకొనును, పైరాళ్లు కుంగును. మండపములో ఎగుడుదిగుడైన నేలరాళ్లు, బీటవారిన దూలములు కొన్ని ఇప్పటికే కనబడుచున్నవి. 2021 జూలైలో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. గుడి చుట్టుప్రక్కల త్రవ్వకములను, ప్రేలుళ్లను అరికట్టుట అందువలన గోడలను కాపాడుటయంత ముఖ్యమైన పని. చూడబోవు విద్యార్థులు రాలిన ఇటుక ముక్కను ఏరి, తేలునో లేదోయని నీట వేయరాదు. ఆ పరీక్ష ఇదివరకే జరిగినది.