ఇంజన్‌కి కాదు, ఈ మూడింటికి భయపడండి

మొదటి కారు కొనుక్కుందామని నా షెడ్డుకి వచ్చేవాళ్లు బానెట్ ఎత్తకముందే అడిగే మాట ఒకటే: "మేస్త్రీ, ఇంజన్ ఎలా ఉందో చెప్పు." విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్ల మధ్యే పని నేర్చుకుని, ఆ పనిమీదే బతుకుతున్నవాణ్ని. అందుకే గట్టిగా చెబుతున్నాను, ముందు అడగాల్సింది ఇంజన్ గురించి కాదు. బోరు అరిగితే చేయించుకోవచ్చు. క్లచ్ పోతే మార్చుకోవచ్చు. దేనికి ఎంతవుతుందో కొనకముందే లెక్క వేసి, ఆ మేరకు ధర తగ్గించమని అడగొచ్చు. ఎంత డబ్బు పోసినా కుదురుకోనివి మూడున్నాయి. సరిగా లేని కాగితాలు, పెద్ద యాక్సిడెంట్‌లో వంగిన బాడీ, వరద నీళ్లలో మునిగిన కారు. ఈ మూడూ లేవని తేలాకే ఇంజన్ సంగతి.

మా దగ్గరికి వచ్చేది చాలావరకు మధ్యతరగతి వాళ్లే. చీటీ పాడిన డబ్బో, బంగారం పెట్టి తెచ్చిన డబ్బో చేతిలో ఉంటుంది. పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాలని, పిల్లలతో వానలో బైకు మీద తిరగలేక, కారు కావాలనుకుంటారు. ఆ డబ్బు మళ్లీ కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ముందు కాగితాలు

కారు చూడ్డానికి వెళ్లేముందే ఆర్‌సీ ఫొటో పంపమనండి. నంబరు చెప్పడానికే తటపటాయించేవాడి దగ్గరికి వెళ్లడం వృథా. ఆర్‌సీలో నాలుగు విషయాలు చూడాలి. అమ్ముతున్న మనిషి, ఆర్‌సీ మీద ఉన్న మనిషి ఒకరేనా? ఎన్నో ఓనరు? ఫైనాన్స్ ఉందా? కారు సొంత వాడకానిదేనా, లేక ఒకప్పుడు పసుపు బోర్డుతో క్యాబ్‌గా తిరిగి తర్వాత తెల్ల బోర్డుకు మారిందా? క్యాబ్‌గా తిరిగిన కారు రెండు మూడేళ్లలోనే లక్షన్నర కిలోమీటర్లు దాటేయగలదు. ఇంటి కారుకి అంత దూరం తిరగడానికి పదేళ్లు పైనే పడుతుంది.

ఫైనాన్స్ ఉన్న కారైతే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, దాంతోపాటు ఫారం 35 చేతికి రావాలి. "తర్వాత తెచ్చిస్తా"నంటే డబ్బులూ తర్వాతే ఇస్తామని చెప్పండి. పేరు మార్చడానికి కావాల్సినవి ఫారం 29, ఫారం 30. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే మోటారు వాహనాల చట్టం ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్‌టీఏకి తెలియజేయాలి. కొందరు సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ కారు అలాగే మూడు చేతులు మారుతుంది, ఆర్‌సీ మాత్రం మొదటి మనిషి పేరు మీదే ఉండిపోతుంది. యాక్సిడెంట్ జరిగితే ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మేవాళ్లకి ఈ సంగతి చెప్పండి, పేరు మార్పుకి వాళ్లే తొందరపడతారు.

హైదరాబాద్ నుంచి కారు తెచ్చుకునే మనవాళ్లు ఒకటి మర్చిపోతుంటారు. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. తెలంగాణ బండిని ఇక్కడ ఏడాదికి మించి ఉంచుకోవాలంటే అక్కడి ఆర్‌టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. ఢిల్లీ కార్లదీ అదే దారి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ రోడ్ల మీద తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే బలపరిచింది. అప్పట్నుంచి అక్కడి డీజిల్ కార్లు తక్కువ ధరకి దక్షిణాదికి వస్తున్నాయి. ఆ తక్కువ ధరకి రవాణా, లైఫ్ ట్యాక్స్, తిరగాల్సిన తిరుగుళ్లు కలిపి చూసుకోండి. చాలాసార్లు లాభం ఏమీ మిగలదు.

చివరగా పెండింగ్ చలాన్లు. పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొడితే ఎన్ని ఉన్నాయో కనిపిస్తాయి. వాటిని అమ్మేవాళ్లే కట్టాలి, అదీ డబ్బులు చేతులు మారకముందే.

బాడీ దాచలేదు

డోరుకి గీత పడిందనో, బంపరు మార్చారనో భయపడక్కర్లేదు. మన రోడ్ల మీద గీత పడని కారుండదు. చూడాల్సింది లోపలి ఇనుము. బానెట్ ఎత్తండి. ఇంజన్‌కి రెండు పక్కలా ముందుకి సాగే దూలాల్లాంటివి ఉంటాయి, వాటిమీదే మిగతాదంతా నిలబడుతుంది. అవి ముడతలు పడినా, వాటిమీద చేత్తో పెట్టిన వెల్డింగ్ గరుకుగా తగిలినా ఆ కారు వదిలేయండి. కంపెనీ వెల్డింగ్ చిన్న చిన్న గుండ్రటి చుక్కలుగా, సమానమైన దూరంలో ఉంటుంది. టింకరింగ్ షాపులో పెట్టింది అలా రాదు. డోరు రబ్బరు బీడింగ్ కొంచెం లాగి పిల్లర్ల మీద కూడా ఆ చుక్కలు వెతకండి. బానెట్ హింజీల బోల్టుల మీద పెయింటు చెదిరి ఉంటే వాటికి స్పానర్ తగిలినట్టే.

అద్దాలూ చరిత్ర చెబుతాయి. ప్రతి అద్దం మూలలో కంపెనీ గుర్తు, తయారైన కాలం తెలిపే అంకెలు ఉంటాయి. అన్నీ ఒకేలా ఉండి ఒకటి మాత్రం తేడాగా ఉంటే అదెందుకు మారిందని అడగండి. ముందద్దం ఒక్కటే అయితే రాయి తగిలి ఉండొచ్చు. ఒక పక్క రెండు డోర్ల అద్దాలూ కొత్తవైతే ఆ పక్క గట్టిగా గుద్దుకుందేమోనని చూడాలి.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. యాక్సిడెంట్‌లో ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నాక కొత్తవి వేయకుండా, లైటు మాత్రం తీసేసే ప్రబుద్ధులున్నారు. మీ పిల్లలు కూర్చునే కారది.

నీళ్లు తాగిన కారు

2024 సెప్టెంబర్‌లో మా విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు ఆ వీధుల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అంతకుముందు 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2015 డిసెంబర్‌లో చెన్నై చూసింది ఇదే. అలా మునిగిన కార్లలో చాలావాటిని ఇన్సూరెన్సు కంపెనీలు టోటల్ లాస్ కింద రాసి వేలంలో అమ్మేస్తాయి. కొన్ని తుక్కుకి పోతాయి. కొన్ని కడిగి, సీట్లు మార్చుకుని, పాలిష్ కొట్టించుకుని మళ్లీ బజారుకొస్తాయి, చాలాసార్లు వేరే ఊళ్లో.

బుడమేరు వరద తర్వాత గుడివాడ వైపు నుంచి ఒక టీచరమ్మ తెల్ల పెట్రోల్ కారు ఒకటి చూపించడానికి తీసుకొచ్చారు. బ్రోకరు కూడా వచ్చాడు. ఇంజన్ శబ్దం ఎంత నెమ్మదిగా ఉందంటే ఆమె అప్పటికే మనసులో కొనేసుకున్నారు. నేను డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. రోజూ బయటికి కనిపించే భాగం శుభ్రంగానే ఉంది. చుట్టలో దాగి ఉండే చివరి మూరంతా బురద చారలే. "అమ్మా, సీటు కింద చెయ్యి పెట్టి చూడండి," అన్నాను. సీటు పట్టాల మీది తుప్పు ఆమె వేళ్లకి అంటుకుంది. ఆవిడ బ్రోకరు వైపు తిరిగి, "ఇది మీకు తెలియదా అండీ?" అని మాత్రం అడిగారు. అతను జవాబు చెప్పలేదు. కారు వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు.

మునిగిన కారులో ఇంజన్‌ని శుభ్రం చేయొచ్చు. కానీ ఇప్పటి కార్లన్నీ వైర్లు, కనెక్టర్లు, కంప్యూటర్ల మీద నడుస్తాయి. బురద నీళ్లు దూరిన కనెక్టరులో రాగి పిన్నులు పచ్చగా పట్టి నెలల తర్వాత మొరాయిస్తాయి. ఒక రోజు పవర్ విండో పనిచేయదు, ఇంకో రోజు కారే స్టార్టవదు. ఎక్కడ పోయిందో వెతకడానికే డబ్బంతా అయిపోతుంది. అందుకే కొనకముందు ఈ చోట్లు చూడండి: స్టెప్నీ టైరు కింది గుంట, కార్పెట్ అడుగు, ఫ్యూజు బాక్సు, హెడ్‌లైట్ల లోపల నీటి గీత. ఎండలో అద్దాలన్నీ మూసి కాసేపు ఉంచి ఒక్కసారి డోరు తీయండి. ముక్కు చెబుతుంది. కారంతా ఘాటైన సెంటు వాసన వేస్తుంటే అదెందుకు కొట్టారో ఆలోచించండి.

మీటరు మాట నమ్మొద్దు

డిజిటల్ మీటరు వచ్చాక తిప్పడం కష్టమైందని చాలామంది అనుకుంటారు. సులువైంది. పదేళ్ల కారుకి నలభై వేలే చూపిస్తుంటే క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు చూడండి, స్టీరింగ్ పట్టుకునే చోటు, గేరు రాడ్డు తల, డ్రైవరు సీటు అంచు చూడండి. రబ్బరు నున్నగా అరిగిపోయుంటే నలభై వేలు కాదు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కంపెనీ సర్వీసు సెంటరు రికార్డు. ప్రతి సర్వీసు నాడు మీటరు ఎంతుందో అక్కడ నమోదవుతుంది. అమ్మేవాళ్లని వెంటబెట్టుకెళ్లి ఆ చరిత్ర తీయించండి.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. పద్దెనిమిది వేలే తిరిగిందని చెప్పిన కారుకి టైర్లు అప్పుడే రెండోసారి మారి ఉంటే లెక్క కుదరడం లేదన్నమాట.

ఇప్పుడు ఇంజన్

చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే కారు స్టార్టయి ఉంటే, లేదా బానెట్ వేడిగా తగిలితే, మర్నాడు పొద్దున్నే మళ్లీ వస్తామని చెప్పండి. నీలం పొగ వదలకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంటు లోపలికి పోతోంది. డీజిల్‌కి నల్ల పొగ ఎక్కువైతే ఇంజెక్టర్లో, గాలి దారో చూడాలి. ఆయిల్ మూత అడుగున మీగడలా తెల్లటి జిడ్డు పట్టి ఉంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం.

రోడ్డు మీద రేడియో ఆపేసి నడపండి. మూడో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తూ బండి వేగం అందుకోకపోతే క్లచ్ పోయినట్టే. స్పీడు బ్రేకర్ల మీద టకటక వినిపిస్తే సస్పెన్షన్ బుష్‌లు. ఏసీ వేసి ట్రాఫిక్‌లో పావుగంట నిలబెట్టి టెంపరేచర్ చూడండి. మే నెలలో బెజవాడ ఎండలో అదే నిజమైన పరీక్ష. మెకానిక్ చేత స్కానర్ పెట్టించి లోపాల కోడ్‌లు చదివించండి. ఇక్కడ బయటపడేవన్నీ బాగుచేయగలిగేవే. ఒక్కోదానికి ఎంతవుతుందో రాసుకుని ధర బేరం ఆడండి.

ఏ కారు, ఎంతకి

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఊరంతా తిరిగే చిన్న పెట్రోల్ కారు కొనుక్కోవాలని నా మాట. ప్రతి వీధి మెకానిక్‌కీ చెయ్యి తిరిగిన కారు, ప్రతి ఊళ్లో పార్టులు దొరికే కారు. షెవ్రొలె 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఆ కార్లు తక్కువ ధరకి కనిపించడానికి కారణం అదే. మొదటి కారుగా వాటి జోలికి పోవద్దంటాను. రోజుకి కాస్త దూరమే తిరిగేవాళ్లకి డీజిల్ అక్కర్లేదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిళ్లలో పొగని వడకట్టే ఫిల్టరుంటుంది, అది పొట్టి ప్రయాణాల్లో మూసుకుపోతుంది.

డబ్బు సరిపోతే 2019 జూలై తర్వాత తయారైనది చూడండి. అప్పటికి ఏబీఎస్, డ్రైవరుకి ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకీ తప్పనిసరయ్యాయి. మ్యూజిక్ సిస్టం కన్నా, అల్లాయ్ వీల్స్ కన్నా ఇవి వెయ్యి రెట్లు ముఖ్యం.

బేరానికి వెళ్లేముందు అదే కారు కొత్తది ఇవాళ ఎంతుందో కనుక్కోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తదాని ధర తగ్గాక పాతదానికి పాత ధర అడగడం న్యాయం కాదు. మీ దగ్గరున్న మొత్తమంతా కారుకే పెట్టేయొద్దు. నాలుగు లక్షలుంటే మూడున్నరలో కారు చూసుకుని మిగతాది టైర్లకి, బ్యాటరీకి, మొదటి సర్వీసుకి అట్టేపెట్టుకోండి.

డబ్బు ఇచ్చే రోజు

అంతా చూశాక కూడా అడ్వాన్సు కొద్దిగానే ఇవ్వండి, రసీదు తీసుకోండి. మిగతాది బ్యాంకు ద్వారానే పంపండి. డెలివరీ కాగితం మీద తేదీతోపాటు టైము రాయించండి. ఆ నిమిషానికి ముందు ఆ కారుతో జరిగినదానికి వాళ్లు, తర్వాత జరిగేదానికి మీరు బాధ్యులని అందులో ఉండాలి. ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు ఉండాలి. పాత ఓనరు తన ఫాస్టాగ్ మూయించాలి, మీరు కొత్తది తీసుకోవాలి.

ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి. ఎదుటివాళ్ల నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ కవర్ బండితోపాటే వస్తుంది. మీ కారుకి జరిగే నష్టానికి ఉండే కవర్ అలా దానంతటది మారదు. పాలసీ పాత ఓనరు పేరు మీదే ఉండగా కారు దెబ్బతింటే క్లెయిమ్ తిరస్కరిస్తారు. పాత ఓనరు సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా అతనిదే, కారుది కాదు.

మెకానిక్‌కి ఫీజు ఇచ్చి చూపించుకోవడానికి వెనకాడేవాళ్లని రోజూ చూస్తుంటాను. ఆ మెకానిక్‌ని మీరే ఎంచుకోండి, అమ్మేవాళ్లు చూపించినవాణ్ని కాదు. అతను వద్దన్న కారు మీకెంత నచ్చినా వదిలేయండి. పాత కార్ల బజారులో ఇవాళ వదిలేసినలాంటిది వచ్చేవారం ఇంకోటి దొరుకుతుంది, కూడబెట్టిన డబ్బు అలా దొరకదు. తొందరపెట్టే అమ్మకందారు ఎదురుపడినప్పుడల్లా ఈ ఒక్కమాట గుర్తు తెచ్చుకోండి.